ఐదేళ్ళకని ఎన్నుకుంటే పదహారేళ్ళు నడిచిన సభ.. నా హర్గీసా రోజులు

సొమాలీలాండ్ పేరు మనవాళ్ళలో చాలామంది విని ఉండరు. సొమాలియా అంటే మాత్రం పైరేట్లు, కరువు, బాంబులు అని టక్కున చెప్పేస్తారు. నేను 2005 మొదట్లో ఉద్యోగం కోసం సొమాలీలాండ్ రాజధాని హర్గీసా వెళ్ళి 2016లో తిరిగొచ్చేశాను, మధ్యలో ఏడాదికోసారి కాకినాడ వచ్చిపోవడం తప్ప ఆ కాలమంతా అక్కడే. వెళ్ళిన ఏడాదే సెప్టెంబర్లో వాళ్ళు సొమాలియా నుంచి విడిపోయాక మొదటిసారి ఓట్లేసి పార్లమెంటుని ఎన్నుకున్నారు. ఐదేళ్ళకని ఎన్నుకున్నారు. నేను వచ్చేసేటప్పటికి కూడా అదే సభ, అదే మనుషులు. 2021 దాకా అదే నడిచింది. అంటే నా హర్గీసా జీవితం దాదాపు మొత్తం ఒక్క పార్లమెంటు టర్మ్‌లోనే అయిపోయింది. ఆ సభ గురించి తెలుగులో ఎవరూ రాయలేదేమో అనిపించింది, నాకు గుర్తున్నంత మేర రాద్దామని కూర్చున్నా.

ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. సొమాలియాకి ఉత్తరాన ఉన్న ఆ ప్రాంతం ఒకప్పుడు బ్రిటిష్ సొమాలీలాండ్. 1960 జూన్ 26న స్వాతంత్ర్యం వచ్చింది, ఐదు రోజులకే జూలై 1న పక్కనున్న ఇటాలియన్ సొమాలియాతో ఇష్టపడి కలిసిపోయారు. తర్వాత రాజధాని మొగదిషులో సియాద్ బర్రే సైనిక పాలన, ఉత్తరాది వాళ్ళ మీద వివక్ష, తిరుగుబాటు, 1988లో హర్గీసా మీద బాంబులు. ఆ విమానాలు ఎక్కడినుంచో రాలేదండీ, హర్గీసా ఎయిర్‌పోర్టులోనే లేచి హర్గీసా మీదే బాంబులేసి మళ్ళీ అక్కడే దిగేవి. ఊరు దాదాపు మొత్తం నేలమట్టం. ఊరి నడిమధ్యన ఒక మిగ్ విమానాన్ని దిమ్మె మీద నిలబెట్టి స్మారకంగా ఉంచారు, నేను రోజూ ఆఫీసుకి దాని పక్కనుంచే వెళ్ళేవాణ్ణి. 1991లో బర్రే పడిపోయాక మే 18న బురావో అనే ఊళ్ళో పెద్దమనుషులంతా కూర్చుని, మేం కలిసింది మా ఇష్టంతోనే, విడిపోవడం కూడా మా ఇష్టమే అని ప్రకటించేశారు. సొంత జెండా, సొంత కరెన్సీ, సొంత పాస్‌పోర్టు అన్నీ ఉన్నాయి. నేను ఉన్న రోజుల్లో ప్రపంచంలో ఒక్క దేశం కూడా వాళ్ళని గుర్తించలేదు.

నేను పనిచేసింది ఒక వ్యాపార సంస్థలో, అకౌంట్స్. బియ్యం, పంచదార, వంటనూనె బెర్బెరా పోర్టుకి వస్తే అక్కణ్ణించి లారీల్లో హర్గీసాకి. మా యజమానిని అందరూ హాజీ అనేవాళ్ళు, నేనూ అంతే. డెబ్భై దగ్గర పడ్డ మనిషి, గోరింటాకు పెట్టిన ఎర్రటి గడ్డం, చేతిలో కర్ర. యుద్ధంలో ఇథియోపియా శరణార్థి శిబిరంలో ఉండొచ్చిన మనిషి. అప్పట్లో డాలరుకి ఆరువేల షిల్లింగులకి అటూఇటూ ఉండేది, పెద్ద నోటంటే 500, అందుకని క్యాష్ అంటే మూటలే. మారకం చేసేవాళ్ళు రోడ్డు పక్కన నోట్ల కట్టల్ని ఇటుకలు పేర్చినట్టు పేర్చుకుని కూర్చునేవాళ్ళు, మధ్యాహ్నం నమాజుకి వెళ్తే పైన ఒక గుడ్డ కప్పి వెళ్ళిపోయేవాళ్ళు. ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. ఆఫ్రికాలో ఉన్నావు జాగ్రత్త నాన్నా అని అమ్మ ఫోన్లో భయపడినప్పుడల్లా ఈ సంగతే చెప్పేవాణ్ణి.

2005కి ముందు కూడా పార్లమెంటు ఉంది, కానీ ఓట్లు లేవు. తెగల పెద్దలు కూర్చుని మీ తెగకి ఇన్ని, మా తెగకి ఇన్ని అని పంచుకుని మనుషుల్ని పంపేవాళ్ళు. 1993లో బొరామా అనే ఊళ్ళో నెలల తరబడి జరిగిన మహాసభలో పుట్టిన పద్ధతి అది. రెండు సభలు, పైన గూర్తి అంటే పెద్దల సభ, కింద ప్రతినిధుల సభ, కొన్నేళ్ళకి ఒక్కోదాంట్లో 82 మంది అయ్యారు. తర్వాత 2001లో రెఫరెండం పెట్టి రాజ్యాంగం ఆమోదించుకున్నారు, దాని ప్రకారం ప్రతినిధుల సభకి ప్రజలే ఓటేయాలి, దేశంలో మూడే పార్టీలు ఉండాలి. మూడు కంటే ఎక్కువైతే తెగకో పార్టీ అయిపోతుందని భయం. 2003లో అధ్యక్ష ఎన్నికలు జరిగాయి, దహిర్ రియాలే కాహిన్ మొదటి లెక్కలో 80 ఓట్ల తేడాతో గెలిచాడు. వేలు కాదు, ఎనభై. ఓడిన సిలాన్యో, ఆయన కుల్మియే పార్టీ కోర్టుకెళ్ళారు, గొడవపడ్డారు, చివరికి సరేనన్నారు. నేను వెళ్ళేసరికి ఊళ్ళో ఇంకా ఆ ఎనభై ఓట్ల గురించే మాట్లాడుకునేవాళ్ళు, ఏ టీ కొట్లో కూర్చున్నా అదే.

ఇక 2005 సెప్టెంబర్ 29. ఆ రోజు నాకు బాగా గుర్తు. ఆఫీసు సెలవు, బయట వాహనాలు తిరగవన్నారు, నేను మా వీధి చివర స్కూలు దాకా నడిచి వెళ్ళా చూద్దామని. తెల్లారకముందు నుంచే లైను కట్టేశారంట. ఆడవాళ్ళ లైను వేరు, మగవాళ్ళ లైను వేరు, ఆడవాళ్ళ లైనే పొడుగు. పసుపు, నారింజ, ముదురు ఆకుపచ్చ ముసుగులు, చంకలో పిల్లలు, కొంతమంది ముసలమ్మలు కూర్చునే లైనుతో పాటు ముందుకి జరుగుతున్నారు. మా ఇంటి ఓనరు గారి తల్లి, ఆవిడకి చదువు రాదు, బయటికొచ్చి సిరా పెట్టిన వేలు నాకు చూపించి ఏదో అంది, పక్కన కుర్రాడు ఇంగ్లీషులో చెప్పాడు, "మా ఆయన తుపాకీ పట్టుకుని పోయాడు, నేను వేలితో చేశాను అంటోంది" అని. ఓటర్ల జాబితా లేదు అప్పట్లో. ఎవరొచ్చినా వేలికి సిరా పెట్టి ఓటు ఇవ్వడమే. జనాభా లెక్కలు లేని దేశం మరి, జాబితా ఎక్కణ్ణించొస్తుంది. అయినా పెద్దగా గొడవల్లేకుండా ఆరు లక్షల డెబ్భై వేల దాకా ఓట్లు పడ్డాయి. తూర్పున సూల్, సనాగ్ ప్రాంతాల్లో పక్కనున్న సొమాలియా రాష్ట్రం పుంట్‌లాండ్‌తో సరిహద్దు తగాదా ఉండటంతో కొన్ని జిల్లాల్లో మాత్రం పోలింగే జరగలేదు, ఆ వెలితి తర్వాత కూడా అలాగే ఉండిపోయింది.

పోటీ చేసింది 246 మంది. ఫలితాలొచ్చాక రియాలే పార్టీ ఉదుబ్‌కి 33, కుల్మియేకి 28, ఫైసల్ అలీ వరాబే పెట్టిన ఉసిద్‌కి 21. అధ్యక్షుడి పార్టీయే పెద్ద పార్టీ, కానీ ప్రతిపక్షాలు రెండూ కలిస్తే 49. కలిశాయి కూడా. మొదటి సమావేశం రచ్చ రచ్చగా జరిగి చివరికి స్పీకర్ పదవి ఉసిద్‌కి చెందిన అబ్దిరహ్మాన్ మొహమ్మద్ అబ్దుల్లాహికి వచ్చింది, జనం ఆయన్ని ఇర్రో అంటారు. డిప్యూటీలు కుల్మియే నుంచి. ఇర్రో ఒకప్పుడు మాస్కోలో సొమాలియా రాయబార కార్యాలయంలో పనిచేసి, యుద్ధం తర్వాత కుటుంబంతో ఫిన్లాండ్‌లో స్థిరపడి, మళ్ళీ ఇక్కడికి వచ్చిన మనిషి. నెమ్మదైన మాట. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

అధ్యక్షుడొక పార్టీ, సభ ఇంకో పార్టీల చేతుల్లో.. ఆఫ్రికాలో ఆ రోజుల్లో ఎన్ని దేశాల్లో ఉందో చెప్పండి ఇలా. గుర్తింపు ఉన్న పెద్ద పెద్ద దేశాల్లో అధ్యక్షుడు చెప్పిందే వేదం. ఇక్కడ మాత్రం మంత్రిని ఆమోదించాలన్నా బడ్జెట్ పాసవ్వాలన్నా ఎదుటి పార్టీ వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోవాల్సిందే. నాకు ఆ సభ మీద ఇష్టం కలిగింది అక్కడే.

సభలో పనిచేసే క్లర్కు ఒకాయన మా ఆఫీసు కుర్రాడికి మేనమామ. ఆయన పుణ్యమా అని ఓసారి లోపల కూర్చుని చూసే అవకాశం వచ్చింది. గేటు దగ్గర జేబులు తడిమి లోపలికి పంపారు. ఖురాన్ పఠనంతో మొదలుపెట్టారు. సూట్లు వేసుకున్న లండన్ రిటర్న్ కుర్రాళ్ళు ఒక పక్క, సంప్రదాయంగా లుంగీ లాంటి మఅవీస్ కట్టుకుని కర్ర ఆనించుకున్న పెద్దాయనలు ఒక పక్క. ఒక సభ్యుడు లేచి ఇరవై నిముషాలు ఆపకుండా మాట్లాడాడు, మధ్యలో రెండు పద్యాలు చదివాడు, ఆ పద్యాలకి ఎదుటి పార్టీ వాళ్ళు కూడా తలలూపారు. సొమాలీలకి కవిత్వం అంటే ప్రాణం, మనకి అష్టావధానంలో సమస్య ఇస్తే జనం ఎలా చెవులు రిక్కిస్తారో అలా విన్నారు. విషయం ఏమిటయ్యా అంటే డీజిల్ మీద సుంకం. మా హాజీకి కావాల్సిందీ అదే, సాయంత్రం నేను వెళ్ళి ఏం జరిగిందో చెప్తే, పద్యాలు ఏం చదివాడో ముందు చెప్పు అన్నాడు. మధ్యాహ్నం నమాజు టైముకి సభ ఆగిపోయింది, ఆ తర్వాత ఊరంతా మామూలుగానే ఖాత్ అనే మత్తు ఆకు కోసం ఎదురుచూపులు. ఇథియోపియా నుంచి ఆ ఆకు లారీలు హారన్ కొట్టుకుంటూ వచ్చేవి, మగవాళ్ళంతా ఎక్కడో ఒక గదిలో చాపల మీద చేరి నమిలేవాళ్ళు. సభలో తేలనివి సగం ఆ గదుల్లోనే తేలేవని క్లర్కు గారు చెప్పేవారు.

మా లాంటి వ్యాపారాల వాళ్ళకి ఏడాది చివర బడ్జెట్ సీజన్ అంటే టెన్షన్. ప్రభుత్వానికి ఆదాయం అంటే ముఖ్యంగా బెర్బెరా కస్టమ్సే. మేకలు, గొర్రెలు, ఒంటెలు సౌదీకి ఎగుమతి చేయడం ఆ దేశానికి బతుకుతెరువు, కానీ రోగాల భయంతో సౌదీ 2000 నుంచి నిషేధం పెట్టి 2009 నవంబర్లో గానీ ఎత్తలేదు. అప్పు ఇచ్చేవాడు లేడు, ప్రపంచ బ్యాంకు నేరుగా డబ్బివ్వదు, ఎందుకంటే కాగితం మీద ఆ దేశమే లేదు. వచ్చే నాలుగు డబ్బుల్లో పెద్ద వాటా సైన్యం, పోలీసు జీతాలకే పోయేది. యుద్ధంలో తుపాకీ పట్టినవాళ్ళకి నెలనెలా జీతం ఇచ్చి కూర్చోబెట్టకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి సభ్యులు ఆ పద్దు మీద ఎంత గొణిగినా చివరికి ఒప్పుకునేవాళ్ళు. మిగతా పద్దుల మీద మాత్రం పట్టుబట్టేవాళ్ళు.

మొదటి పెద్ద దెబ్బ 2006లో తగిలింది. గూర్తి గడువు అయిపోవస్తోంది, దాన్ని ఎలా ఎన్నుకోవాలో చట్టం లేదు. ప్రతినిధుల సభ ఆ చట్టం చేయాలి కదా అంటుండగానే అధ్యక్షుడు ప్రతిపాదించడం, గూర్తి తన గడువు తనే నాలుగేళ్ళు పొడిగించేసుకోవడం అయిపోయాయి. ప్రతిపక్షాలు గగ్గోలు పెట్టాయి, ఏమీ కాలేదు. ఆ రోజు మా హాజీ చాలా బాధపడ్డాడు. గూర్తి అంటే ఆయనకి గౌరవం, తెగలు కొట్టుకుంటుంటే చెట్టు కింద కూర్చోబెట్టి తుపాకులు దింపించింది ఆ పెద్దలే. "పెద్దరికం ఇచ్చింది మేము, గడువు వాళ్ళెలా రాసుకుంటారు" అన్నాడు. తర్వాత తర్వాత గూర్తిలో ఎవరైనా పెద్దాయన పోతే ఆ సీటు కొడుక్కో తమ్ముడికో వెళ్ళిపోవడం కూడా మామూలైపోయింది.

ఆ తర్వాత పొడిగింపు అనేది అలవాటు కింద మారింది. రియాలే గడువు 2008 మేలో అయిపోవాలి, దానికి ముందే ఏప్రిల్లో గూర్తి ఏడాది పొడిగించింది. కారణం ఓటర్ల నమోదు పూర్తి కాలేదని. వేలిముద్రలు, ఫొటోలు తీసి నిజమైన ఓటర్ల జాబితా చేద్దామని 2008 అక్టోబర్లో మొదలుపెట్టారు, అదే నెల 29న హర్గీసాలో ఒకేసారి మూడు చోట్ల ఆత్మాహుతి కారు బాంబులు. అధ్యక్ష భవనం, ఇథియోపియా కార్యాలయం, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి సంస్థ ఆఫీసు. మా కిటికీ అద్దాలు దడదడలాడాయి, ఏదో గ్యాస్ సిలిండర్ అనుకున్నాం ముందు. ఆ మధ్యాహ్నం ఊళ్ళో జనం రక్తం ఇవ్వడానికి ఆసుపత్రుల దగ్గర నిలబడ్డారు. నెల్లూరు నుంచి వచ్చిన డాక్టరు గారు ఒకాయన ఉండేవారు మా ఇండియన్ల బ్యాచ్‌లో, ఆయన రెండ్రోజులు ఇంటికి రాలేదు. ఆ తర్వాత నమోదు మళ్ళీ మొదలైంది గానీ, ఒక్కొక్కళ్ళు నాలుగైదు చోట్ల పేరు రాయించుకున్నారు, వేలిముద్రలు సరిగ్గా పడలేదు, జాబితా చూస్తే జనాభాకి మించిపోయేలా ఉంది. తెగకి ఎంత సంఖ్య కనపడితే రేపు అన్ని సీట్లు అని ప్రతివాడి లెక్క. తప్పంటామా, జనాభా లెక్కలు లేని చోట ఓటరు కార్డే జనాభా లెక్క అయిపోతుంది.

2009 సెప్టెంబర్. రంజాన్ నెల. అధ్యక్షుడి గడువు మళ్ళీ పొడిగించారు, ఓటర్ల జాబితా లేకుండానే ఎన్నికలు పెడతామన్నారు, సభలో ఆయన్ని అభిశంసించాలని తీర్మానం తెచ్చారు. సభ లోపలే కొట్టుకున్నారు, ఒక సభ్యుడు పిస్తోలు బయటికి తీశాడు. పోలీసులొచ్చి భవనానికి తాళం వేశారు. బయట జనం చేరారు, పోలీసుల కాల్పుల్లో ప్రాణాలు కూడా పోయాయి. మేం షట్టర్ దించేసి లోపల కూర్చున్నాం, టైర్లు కాలిన వాసన. మళ్ళీ 1988 వస్తుందా అని మా ఆఫీసులో పెద్దవాళ్ళ మొహాల్లో కనపడేది, పైకి అనేవాళ్ళు కాదు. ఇఫ్తార్ టైముకి హాజీ అందరినీ పిలిచి ఖర్జూరం ఇచ్చి, ఎవరూ ఏ తెగ పేరు ఎత్తొద్దు ఈ గదిలో అని ఒక్క మాట అన్నాడు. నెలాఖరుకల్లా రాజీ కుదిరింది, ఇథియోపియా, బ్రిటన్ వాళ్ళు మధ్యలో ఉన్నారు, ఊళ్ళో పెద్దలు, వ్యాపారులు, స్వచ్ఛంద సంస్థల వాళ్ళు ఇళ్ళిళ్ళకీ తిరిగారు. ఎన్నికల కమిషన్‌ని మార్చారు, జాబితా శుభ్రం చేశారు. ఆ వారం పది రోజులు దేశం దారం మీద నిలబడింది, తెగలేదు.

2010 జూన్ 26న అధ్యక్ష ఎన్నికలు. సరిగ్గా స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు అయిన రోజు. సిలాన్యోకి దాదాపు 50 శాతం, రియాలేకి 33 శాతం. రియాలే ఓటమి ఒప్పుకుని జూలై 27న అధికారం అప్పజెప్పి ఇంటికెళ్ళిపోయాడు. ఏడేళ్ళ కిందట ఎనభై ఓట్లతో ఓడిన మనిషి ప్రమాణం చేస్తుంటే ఓడించినాయన పక్కనే ఉన్నాడు. ఆ రాత్రి హర్గీసా వీధుల్లో కార్ల హారన్లు, పాటలు.. నాకు కూడా కళ్ళు చెమర్చాయి, నా దేశం కాదు, నాకు ఓటు లేదు, అయినా సరే.

అదే ఏడాది పార్లమెంటు గడువు కూడా తీరాలి. తీరలేదు. ముందు 2013 దాకా అన్నారు, తర్వాత 2015 అన్నారు, తర్వాత 2017, ఆ తర్వాత 2019, చివరికి 2021. రాజ్యాంగంలోనే ఒక దారి ఉంది, ఎన్నికలు జరపలేని పరిస్థితి ఉంటే కొత్త సభ వచ్చేదాకా పాత సభే ఉంటుందని. కరువని ఒకసారి, డబ్బు లేదని ఒకసారి, తూర్పున శాంతి లేదని ఒకసారి. కానీ అసలు ముడి వేరే ఉంది, సీట్లు ఎలా పంచాలి అన్నది. 82 సీట్లలో హర్గీసా ప్రాంతానికి 20, తోగ్దేర్‌కి 15, ఔదల్‌కి 13, సనాగ్‌కి 12, సూల్‌కి 12, సాహిల్‌కి 10. ఈ పంపకం 1960 నాటి 33 సీట్ల సభ నిష్పత్తి మీద వేసింది. అప్పటికీ ఇప్పటికీ ఊళ్ళు మారిపోయాయి, ఎవరు పెరిగారో ఎవరు తగ్గారో లెక్క లేదు, లెక్క తీయాలంటే భయం. పంపకం ముట్టుకుంటే ఏదో ఒక తెగకి సీటు తగ్గుతుంది, తగ్గిన తెగ ఊరుకోదు. అందుకని ముట్టుకోకుండా గడువు పొడిగించుకుంటూ పోయారు. కూర్చున్న సభ్యులకి అది సుఖంగానే ఉంది, ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి.

ఓసారి హాజీ అడిగాడు, మీది పెద్ద ప్రజాస్వామ్యం కదా, మీ దగ్గర ఎప్పుడన్నా ఇలా సభ గడువు సాగదీశారా అని. సాగదీశారు హాజీ, ఎమర్జెన్సీలో, 1971లో ఎన్నుకున్న లోక్‌సభ 1976లో అయిపోవాలి, రెండుసార్లు ఒక్కో ఏడాది పొడిగించుకున్నారు, చివరికి 1977 జనవరిలో రద్దు చేసి ఎన్నికలకెళ్ళారు, ఓడిపోయారు అని చెప్పా. "ఓడిపోయారు కదా, మరి మా వాళ్ళకి ఆ సంగతి తెలిసే పెట్టట్లేదేమో" అన్నాడు. ఇంకోటి కూడా, 2013, 14లో టీవీలో తెలంగాణ వార్తలు వచ్చినప్పుడు ఆఫీసులో అందరూ నా చుట్టూ చేరేవాళ్ళు, మీరు విడిపోతున్నారంట, యుద్ధం జరుగుతుందా, సరిహద్దులో సైన్యం ఉందా అని. పార్లమెంటులో బిల్లు పెట్టి విడదీస్తున్నారు అంటే నమ్మలేదు, విడిపోవడం అంటే వాళ్ళకి తెలిసిన అర్థంలో ఊళ్ళు తగలబడాలి. ఒక బిల్లుతో అవుతుందా వలాల్ (అంటే సోదరా), అని మా డ్రైవర్ పదే పదే అడిగాడు.

ఇంత సాగినా సభ ఖాళీగా కూర్చుందని అంటే నేనొప్పుకోను. 2011లో పార్టీల చట్టం చేసి కొత్త పార్టీలకి తలుపు తెరిచారు, 2012 నవంబర్లో మున్సిపల్ ఎన్నికల్లో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే ఆ మూడే జాతీయ పార్టీలు అని. రియాలే పార్టీ ఉదుబ్ ఆ దెబ్బకి తెరమరుగైపోయింది, స్పీకర్ ఇర్రో ఉసిద్ నుంచి బయటికొచ్చి పెట్టిన వద్దానీ మూడో పార్టీగా నిలిచింది. అంటే సభలో సభ్యులు గెలిచిన పార్టీ ఒకటి, కూర్చున్న పార్టీ ఇంకొకటి, గెలిపించిన పార్టీ అసలు లేనే లేదు, అయినా సభ నడుస్తూనే ఉంది. 2016లో బెర్బెరా పోర్టుని 30 ఏళ్ళకి దుబాయ్ డీపీ వరల్డ్‌కి ఇచ్చే ఒప్పందం, 44 కోట్ల 20 లక్షల డాలర్లది, ఆగస్టులో సభల ముందుకొచ్చి ఆమోదం పొందింది. నేను సామాను సర్దుకుంటున్న రోజులవి. పోర్టు వస్తే మా గుమాస్తాల పని ఎలా మారిపోతుందో అని మా వాళ్ళు లెక్కలేసుకుంటున్నారు. ఒకప్పుడు మూటల్లో లెక్కపెట్టిన డబ్బు అప్పటికే 2009లో వచ్చిన జాద్ అనే ఫోన్ డబ్బు సర్వీసు పుణ్యాన అందరి ఫోన్లలోకి వెళ్ళిపోయింది, గోలీసోడా అమ్మేవాడు కూడా ఫోన్లోనే తీసుకునేవాడు, మన దగ్గర ఫోన్‌పేలు రాకముందు మాట ఇది.

ఒక్క విషయంలో మాత్రం ఆ సభ మీద నాకు కోపం తగ్గలేదు. 2005లో గెలిచిన ఆడవాళ్ళు ఇద్దరు. 82లో ఇద్దరు. లైన్లో ఎక్కువసేపు నిలబడింది ఆడవాళ్ళు, బజారులో కూరలు, బంగారం, నోట్లు మార్చే పని దగ్గర్నుంచి ఇంటిల్లిపాదినీ పోషించేది ఆడవాళ్ళు, కోటా ఇవ్వండి అని ఎన్నేళ్ళు అడిగినా అది చట్టం కాలేదు. మా ఇంటి ఓనరు గారి కూతురు లా చదువుకుంది, ఎన్నికలు పెడితే నిలబడాలని ఉండేది ఆ పిల్లకి. అన్నా, వచ్చే ఏడాది పెడతారంట అని ప్రతిసారీ ఉత్సాహంగా చెప్పేది నాకు. వచ్చే ఏడాది, మళ్ళీ వచ్చే ఏడాది. తర్వాత పెళ్ళయి ఇంగ్లాండు వెళ్ళిపోయింది. ఒక సభ ఐదేళ్ళకి బదులు పదహారేళ్ళు కూర్చుంటే పోయేవి ఇలాంటివి, ఇవి ఏ రికార్డులోనూ రాయరు.

నేను వచ్చేశాక 2017లో ఇర్రో స్పీకర్ పదవి వదిలి అధ్యక్ష ఎన్నికల్లో నిలబడి కుల్మియే అభ్యర్థి మూసే బీహీ చేతిలో ఓడిపోయాడు. ఇక్కడ మన దగ్గర 2018 సెప్టెంబర్లో తెలంగాణ అసెంబ్లీని గడువుకి ముందే రద్దు చేసి ఎన్నికలకెళ్తుంటే, అక్కడ గడువు దాటి ఎనిమిదేళ్ళయిన సభ ఇంకా బిల్లులు చదువుతోంది. హాజీ 2019లో పోయాడు, రెండోసారి పార్లమెంటుకి ఓటెయ్యకుండానే.

చివరికి 2020లో మూడు పార్టీలు కూర్చుని ఒప్పుకున్నాయి, సీట్ల పంపకం ముట్టుకోవద్దు, పాత లెక్కతోనే పోదాం అని. 2021 మే 31న పోలింగ్. మన దగ్గర కోవిడ్ రెండో వేవ్, కర్ఫ్యూ, నేను కాకినాడలో ఇంట్లో కూర్చుని ఫోన్ చూస్తున్నా, మా ఆఫీసు కుర్రాడు, ఇప్పుడు కుర్రాడు కాదు ముగ్గురు పిల్లల తండ్రి, ఉదయం నుంచి ఫొటోలు పంపుతూనే ఉన్నాడు. ఈసారి కంటిపాప స్కాన్ చేసి తయారుచేసిన జాబితా, పది లక్షల పైన ఓటర్లు. అదే స్కూలు, ఆడవాళ్ళ లైను మళ్ళీ పొడుగే. వద్దానీకి 31, కుల్మియేకి 30, ఉసిద్‌కి 21. ప్రతిపక్షాలదే మెజారిటీ మళ్ళీ, ఆగస్టులో స్పీకర్ పదవి కూడా వాళ్ళకే, సూల్ ప్రాంతానికి చెందిన అబ్దిరిజాక్ ఖలీఫ్‌కి. దేశం మొత్తం మీద అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చింది బర్ఖద్ జామా బతూన్‌కి, ఆయన గబోయే అనే చిన్న వర్గం మనిషి, చెప్పులు కుట్టడం, ఇనుము పని లాంటివి చేసేవాళ్ళని తరతరాలుగా పక్కన పెట్టిన వర్గం. తెగ బలమే సీటు అనుకునే చోట పెద్ద తెగల కుర్రకారు వెళ్ళి ఆయనకి గుద్దేశారు. మా వాడు ఫోన్ చేసి, వలాల్ నేనూ ఆయనకే వేశాను అని చెప్తుంటే గొంతు వణికింది. ఆడవాళ్ళు 13 మంది నిలబడ్డారు, ఒక్కరు కూడా గెలవలేదు. ఇద్దరి నుంచి సున్నాకి వచ్చింది, లా చదివిన ఆ పిల్ల ఆ రోజు ఇంగ్లాండు నుంచి మెసేజ్ పెట్టింది, చదివి ఏం జవాబివ్వాలో తెలియక చాలాసేపు ఆగి, నువ్వు నిలబడి ఉంటే అని మాత్రం రాశాను.

ఇర్రో సంగతి చెప్తానన్నా కదా. 2024 నవంబర్ 13న అధ్యక్ష ఎన్నికలు జరిగాయి, అదీ రెండేళ్ళు ఆలస్యంగానే, ఆయన గెలిచాడు, డిసెంబర్లో ప్రమాణం చేశాడు. ఆ పదహారేళ్ళ సభలో పన్నెండేళ్ళు స్పీకర్ కుర్చీలో కూర్చుని పొడిగింపులన్నీ కళ్ళారా చూసిన మనిషి ఇప్పుడు దేశానికి పెద్ద. నేను చూసిన సభల్లోంచి ఆయన ఏం నేర్చుకున్నాడో గూర్తి విషయంలో తెలుస్తుంది నాకైతే, ఎందుకంటే 1993లో కూర్చోబెట్టిన ఆ పెద్దల సభకి ఓట్లతో ఎన్నిక అనేది ఒక్కసారి కూడా జరగలేదు. మా ఆఫీసు కుర్రాడు మొన్న ఫోన్లో, గూర్తికి ఎన్నికలు పెడితే టికెట్ కొనిస్తా వచ్చి చూడు వలాల్ అన్నాడు. పాస్‌పోర్ట్ రెన్యువల్‌కి ఇచ్చాను.